రెండూ సమానమే అన్న పాపానికి

ఆ రోజుల్లో పిల్లలు ఏ చదువు చదవాలో తేల్చడానికి ఇప్పటిలా ఇంటిల్లిపాదీ నెలల తరబడి తలలు బద్దలు కొట్టుకునేవాళ్ళు కాదు. పదో తరగతిలో చేరిన మొదటి వారంలో బడి గుమాస్తా ఒక కాగితం చేతికిచ్చేవాడు. అందులో రెండు గళ్ళు ఉండేవి. తెలుగు, లెక్కలు అందరికీ తప్పనిసరే గానీ, ఎంత మోతాదులో అన్నది ఆ గళ్ళు తేల్చేవి. మొదటి గడిలో టిక్కు పెడితే కాంపోజిట్ లెక్కలు, అంటే బీజగణితం, రేఖాగణితం కడుపు నిండా. మేము వాటిని పెద్ద లెక్కలు అనేవాళ్ళం. రెండో గడిలో పెడితే చిన్న లెక్కలతో సరిపెట్టుకుని, ఆ పైన ప్రత్యేక తెలుగు. పద్యాలు, ఛందస్సు, వ్యాసాలు అన్నమాట. చూడటానికి చిన్న టిక్కే. కానీ పెద్ద లెక్కలు చదవనివాళ్ళకు కాలేజీలో లెక్కల గ్రూపు తలుపు మూసుకుపోయినట్టే. ఆ టిక్కు ఎవరు పెట్టాలి, ఎలా పెట్టాలి అన్న దానిమీద ఒక ఏడాది జూన్, జులై నెలల్లో నేను పడిన అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరి మీద అని అడగకండి. చదివితే మీకే తెలుస్తుంది.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాది కోవూరు దగ్గర వరి పండించుకునే ఇల్లు. లెక్కల్లో డిగ్రీ, ఆ పైన బి.ఇడి. చేతికి రాగానే, చిట్టమూరు దాటి సరస్సు వైపు పోయే దారిలో ఉన్న ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుగా వేశారు. ఒక ట్రంకు పెట్టె, ఒక సైకిలు, నల్లబల్ల మీద వృత్తాలు గీసే ఒక పెద్ద చెక్క కంపాసు పట్టుకుని దిగాను. (బళ్ళో కంపాసు ఉండదేమోనని నా సొంతంగా చేయించుకున్నాను. ఉంది. రెండున్నాయి.) దేశంలో లెక్కలు రాని పిల్లవాడంటూ ఉండడని, సరిగ్గా చెప్పే మాస్టరు దొరకకపోవడమే కారణమని, ఆ మాస్టరు ఇప్పుడు దిగాడని నా గట్టి నమ్మకం. మా హెడ్మాస్టరుగారు నెమ్మదస్తుడు. ఎవరేం చెప్పినా చివరిదాకా విని, "రాతపూర్వకంగా ఇవ్వండి" అనేవారు. గది కారుతోందన్నా అంతే, గదిలోకి పాము వచ్చిందన్నా అంతే. నాకు తోడు ఒక తెలుగు పండితుడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఎంత కోపం తెప్పించినా కోపం రాని మనిషి కావడంతో, ఆయన్ని చూస్తేనే నాకు కోపం వచ్చేది.

ఆ ఏడు పదో తరగతిలో ఇరవైమంది చేరారు. పై నుంచి వచ్చిన ఉత్తర్వు ఏమంటే, పెద్ద లెక్కలకు గానీ, ప్రత్యేక తెలుగుకు గానీ కనీసం పదిమంది లేకపోతే ఆ తరగతి ఎత్తేస్తారు. తరగతి ఎత్తేస్తే దాని మాస్టరును కూడా ఎత్తేస్తారని వేరే చెప్పక్కరలేదు కదా. అంటే ఇటు పదిమంది, అటు పదిమంది ఉంటేనే మేమిద్దరం ఉంటాం. చుట్టుపక్కల రైతుల పిల్లలు పన్నెండుమంది ఇళ్ళలో వాదులాడుకుని, అలిగి, బతిమాలించుకుని, ఎలాగైతేనేం చెరి ఆరుగురుగా సర్దుకున్నారు. మిగిలిన ఎనిమిదిమంది సరస్సు ఒడ్డున ఉన్న చేపల పాళెం పిల్లలు. వాళ్ళు నలుగురు ఇటు, నలుగురు అటు వస్తే లెక్క సరి.

ఆ ఎనిమిదిమందిలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకతె పాళెం పెద్దకు మనవరాలు. తరగతి మొత్తానికి ఒక్కతే ఆడపిల్ల. చిత్తు లెక్కలకు కాగితం ఖర్చెందుకని పదో తరగతిలో కూడా పలక తెచ్చుకునేది, అందుకని అందరూ ఆ పిల్లను పలక అనే పిలిచేవాళ్ళు. నేను బల్ల మీద లెక్క రాయడం పూర్తయ్యేలోపు పలక మీద జవాబు ఉండేది. ఒక్కటే పేచీ. తెలియని సంఖ్యను ఎక్స్ అనుకోమంటే అనుకునేది కాదు. 'త' అని రాసేది. త అంటే తట్ట. "మూత వేసిన తట్టలో ఎన్ని రొయ్యలుండేదీ మూత తీసిందాకా తెలీదు గదా సార్" అని ఆ పిల్ల సమాధానం. ఎక్స్ కు అంతకంటే మంచి అర్థం నాకు బి.ఇడి.లో ఎవరూ చెప్పలేదు గానీ, పద్ధతి పద్ధతే కదా అని నేను రోజూ తిట్టేవాణ్ణి. రెండోవాడు తెరచాప. బడికి వాళ్ళ నాన్న చొక్కా తొడుక్కుని వచ్చేవాడు, గాలి వస్తే అది ఉబ్బిపోయి వాణ్ణి ఒకడుగు పక్కకు నెట్టేది. పద్యం ఒక్కసారి వింటే చాలు, రాగంతో సహా అప్పజెప్పేవాడు. పండితుడు వాణ్ణి చూసి మురిసిపోయేవాడు. లెక్కల్లో మాత్రం వాడికి ఏడెనిమిదులు ఎంతో చెప్పాలంటే కిటికీలోంచి బయటికి చూడాలి. బయట సమాధానం ఎప్పుడూ ఉండేది కాదు.

కాబట్టి ఎవరు ఎటు రావాలో గుడ్డివాడికైనా తెలిసే సంగతి. హెడ్మాస్టరుగారు మాత్రం, "తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, రాతపూర్వకంగా" అన్నారు. ఒక ఆదివారం పొద్దున నేనూ పండితుడూ పాళేనికి పోయాం. ఇసకలో బోర్లించిన పడవల నీడన మగవాళ్ళందరూ వలలు బాగుచేసుకుంటున్నారు. పాళెం పెద్ద, అంటే పలక వాళ్ళ తాత, మాకు చాప వేయించి, ముంజెలు పెట్టించి, వచ్చిన పని అడిగాడు. నేను చెప్పాను. రెండు రకాల చదువులున్నాయని, నలుగురు ఇటు, నలుగురు అటు పోవాలని, ఎవరు ఎటన్నది మీరే మాట్లాడుకుని చెప్పండని.

పెద్దాయన చేతిలో వల పక్కన పెట్టి, "మంచిది అయ్యోరా. ఆ రెండిట్లో ఏది మేలు?" అన్నాడు.

నా నోట్లోకి జవాబు వచ్చేసింది. పెద్ద లెక్కలే మేలు, అందులో సందేహమేముంది? కానీ పక్కన పండితుడు ముంజె నములుతూ నా వంకే చూస్తున్నాడు. ఆయన ముందు ఆయన సబ్జెక్టును తీసిపారెయ్యడం మర్యాద కాదు కదా. జీవితంలో మొట్టమొదటిసారి మర్యాద పాటించాను. "రెండూ సమానమే పెద్దాయనా" అన్నాను. పండితుడు తృప్తిగా తలాడించాడు.

"రెండూ సమానమే అంటా ఉండారు అయ్యోరు. విన్నారు గదా అందురూ?" అన్నాడు పెద్దాయన చుట్టూ చూసి. అందరూ విన్నామన్నారు. నేను చేతులు కడుక్కుని, పని చక్కబెట్టానన్న సంతోషంతో సైకిలెక్కాను.

మంగళవారం కాగితాలు వచ్చాయి. పెద్ద లెక్కలకు నలుగురు: తెరచాప, వాడికంటే కొంచెం నయంగా ఉండే ఇద్దరు, ఏదైనా ఒకటే అనుకునే ఇంకొకడు. ప్రత్యేక తెలుగుకు నలుగురు. అందులో మొదటి పేరు పలక. కింద ఎనిమిదిమంది తండ్రుల వేలిముద్రలు, పెద్దాయన సంతకం. నేను ఆ కాగితాన్ని తిప్పి చూశాను. తలకిందులుగా కూడా చూశాను. "ఇదేమిటి?" అని గుమాస్తాను అడిగితే, "నాకేం తెలుసు సార్, రాతపూర్వకంగానే ఇచ్చినారు" అన్నాడు.

ఆ సాయంత్రమే పాళేనికి పోయాను. ఎండ ఇంకా తగ్గలేదు, ఇసకలో సైకిలు నడవదు కాబట్టి దాన్ని నేనే మోశాను. పెద్దాయన ఏమీ జరగనట్టు చాప వేయించాడు. అప్పుడు తెలిసింది సంగతి. సరస్సులో అన్ని చోట్లా చేపలు, రొయ్యలు ఒకేలా పడవు. కొన్నిచోట్ల తట్టలు నిండుతాయి, కొన్నిచోట్ల వల తడవడమే మిగులుతుంది. అందుకని మంచి చోట్ల కోసం కొట్టుకోకుండా, పాళెం అంతా ఒకచోట చేరి చీటీలు వేసుకుని, ఎవరు ఏ రోజు ఎక్కడ వల వెయ్యాలో తేల్చుకుంటారు. అలా వచ్చిన వంతును వాళ్ళు పాడు అంటారు. (ఆ నెలరోజులూ ఆ మాట చెవిన పడితే చాలు, నాకు దాని రెండో అర్థమే గుర్తుకొచ్చేది. అందుకని ఇక్కడ వంతు అనే రాస్తాను.) నా పెద్ద లెక్కలకూ ప్రత్యేక తెలుగుకూ కూడా వాళ్ళు అదే చేశారు. ఎనిమిది తాటాకు ముక్కలు తీసుకుని, నాలుగింటికి ముడి వేసి, కుండలో వేసి, పిల్లల చేత తీయించారు. ముడి వచ్చిన వాళ్ళకు లెక్కలు, రాని వాళ్ళకు తెలుగు.

"చదువును చీటీలు వేసి పంచుతారా ఎక్కడైనా?" అన్నాను, గొంతు అప్పటికే లేచింది.

"రెండూ సమానమే అని మీరే అన్నారు గదా అయ్యోరా" అన్నాడు పెద్దాయన ఆశ్చర్యంగా. "సమానం అయినప్పుడు ఎవురికి ఏది పోయినా ఒకటే. ఎక్కువ తక్కువలు ఉంటే ఇంకా చీటీ వెయ్యాల్సిందే, లేకపోతే కొట్లాట. ఎట్టా చూసినా చీటీనే గదా?"

బి.ఇడి.లో తర్కం కూడా చెప్పారు గానీ, దీనికి సమాధానం చెప్పలేదు. నేను నీళ్ళు తాగి, నిదానంగా, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అబ్బుతుందని, పలకకు లెక్కలు ప్రాణమని, తెరచాపకు పద్యాలు ప్రాణమని వివరించాను. పెద్దాయన అంతా విని, "దానికేముంది, వచ్చే ఏడు వంతులు తిరగేస్తాం. ఇప్పుడు లెక్కలు చేసేవోళ్ళు అప్పుడు తెలుగు, తెలుగోళ్ళు లెక్కలు" అన్నాడు. సరస్సులో అంతేనట. ఈసారి మంచి చోటు వచ్చినవాడికి మళ్ళీసారి రాదు. పరీక్ష రెండేళ్ళ చదువుకు కలిపి పదకొండో తరగతి చివర ఒక్కసారే వస్తుందని, మధ్యలో తిరగేయడానికి అది వల కాదని నేను చెప్పేసరికి నా నోరు ఎండిపోయింది. "అయితే మీ గవర్మెంటోళ్ళ పద్ధతే సరిగ్గా లేదు" అని ఆయన తీర్పు చెప్పాడు. ఇప్పుడు ఆలోచిస్తే అదీ నిజమేననిపిస్తుంది.

చివరికి నేను అసలు మాటకు వచ్చాను. "పెద్దాయనా, మీ మనవరాలు కదా. ఆ పిల్ల పెద్ద లెక్కలు చదివితే కాలేజీకి పోతుంది. మీరు ఒక్క మాట చెబితే ఆ ఆకు మారదా?"

"నా మనవరాలు గాబట్టే మార్చలేను అయ్యోరా" అన్నాడు ఆయన. "ఈడ నలభై పడవలుండాయి. వంతు కాడ నా మాట ఎందుకు వింటారు? నా కొడుక్కి చవిటి చోటు పడినా నేను నోరు తెరవలేదు గాబట్టి. ఇప్పుడు ఈ పిల్ల కోసరం ఆకు మార్చినాననుకోండి, రేపటినుంచి నేనెవుర్ని?" ఆ మాట అంటూ ఇంటివైపు చూశాడు. గుమ్మంలో పలక నిలబడి వింటోంది. ఆ పిల్ల ముఖం చూశాక నాకు వాదించబుద్ధి కాలేదు. కోపం మాత్రం తగ్గలేదు. న్యాయంగా ఉన్న మనిషి మీద వచ్చే కోపం అంత తేలిగ్గా తగ్గదు.

లేవబోతుంటే ఆయనే ఒక దారి చెప్పాడు. వంతు వచ్చినవాడు తనంతట తాను, ఎవరి బలవంతం లేకుండా, అందరి ముందూ నిలబడి ఇంకొకరికి ఇస్తానంటే ఇవ్వచ్చు. అది ఆచారంలో ఉన్నదే. నాకు ప్రాణం లేచొచ్చింది. తెరచాప ఇచ్చేస్తే సరి! వాడికి లెక్కలంటే చలిజ్వరం. ఎగిరి గంతేసి ఇస్తాడు. పై ఆఫీసుకు పేర్ల జాబితా పోవడానికి జులై నెలాఖరుదాకా గడువు. నాకు కావలసింది అయిదు నిమిషాలు.

మర్నాడు బడికి రాగానే వాణ్ణి పిలిచి, ఎంతో దయగా, "ఒరే, నీకు లెక్కలు కష్టం కదా, ఆ వంతు పలకకు ఇచ్చేయ్, నువ్వు హాయిగా తెలుగు చదువుకో" అన్నాను. వాడు చొక్కా సర్దుకుని, "ఇయ్యను సార్" అన్నాడు.

"ఏం?"

"నాకు పడిన వంతు సార్. కష్టమని వొదిలేస్తే మా నాయన పరువు పోతాది. రాకపోయినా చేస్తా."

"రాకపోతే ఎలా చేస్తావురా?"

"అదే సార్, రాకపోయినా" అన్నాడు, నాకు అర్థం కాలేదేమోనని జాలిపడుతూ.

ఇక నా దగ్గర ఒకటే ఆయుధం ఉంది. వాణ్ణి భయపెట్టడం. (నవ్వకండి. ఇరవై మూడేళ్ళ లెక్కల మాస్టరుకు తోచే ఉపాయం అదొక్కటే.) తరగతిలో మిగతా తొమ్మిదిమందికి మామూలు లెక్కలు ఇచ్చి, వాడికి మాత్రం నా డిగ్రీ పుస్తకాల చివరి పేజీల్లోంచి వెతికి ఇచ్చేవాణ్ణి. మొదటిది ఏటిలో పడవ లెక్క. పడవ ఏటికి ఎదురు పన్నెండు మైళ్ళు పోయి, వెనక్కి పన్నెండు మైళ్ళు వచ్చింది. మొత్తం ఎనిమిది గంటలు పట్టింది. ఏటి వేగం గంటకు రెండు మైళ్ళు. నిలకడ నీళ్ళలో పడవ వేగం ఎంత?

వాడు శ్రద్ధగా విని, "గాలి యాడ్నించి సార్?" అన్నాడు.

"గాలి లేదు."

"పడవలో ఎంతమంది ఉండారు?"

"ఎవరూ లేరురా, పడవ ఒక్కటే!"

"మనుషులు లేకండా పన్నెండు మైళ్ళు పోయి మళ్ళీ వెనక్కి వొచ్చే పడవంటే..." అని వాడు కిటికీలోంచి చూడటం మొదలుపెట్టాడు. తరగతంతా పకపకా నవ్వింది. "ఇంటికాడ చేసుకు రా!" అని నేను అరిచాను. ఎదురు గదిలోంచి పండితుడు వచ్చి, "ఏమండీ మాస్టారూ, ఏమైంది?" అని అడిగి, విషయం విని, "రెండూ సమానమే అనుకుంటే మనసుకు శాంతిగా ఉంటుంది" అని సలహా ఇచ్చి వెళ్ళాడు.

మర్నాడు తెరచాప నోటు పుస్తకం తెచ్చాడు. జవాబు సరిగ్గా ఉంది. నాలుగు మైళ్ళు. నేను రెండుసార్లు చూసి, ఇంకా కష్టమైనది ఇచ్చాను. అదీ సరిగ్గానే వచ్చింది. రెండు గొట్టాలు నింపుతుంటే మూడోది ఖాళీ చేసే తొట్టి లెక్క ఇచ్చాను. వృత్తానికి బయటి బిందువు నుంచి స్పర్శరేఖల లెక్క ఇచ్చాను. అన్నీ సరే. నాలుగు వారాలు గడిచాయి. నేను ఆదివారాలు కూర్చుని లెక్కలు తయారుచేస్తున్నాను, వాడు చేసుకొస్తూనే ఉన్నాడు. ఒకటి రెండిటికి నాకే జవాబు తట్టక, వాడు తెచ్చిందే చూసి నేర్చుకున్నాను. (ఈ వాక్యం రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.) వాడు భయపడలేదు సరికదా, బడికి ముందుకంటే ఉత్సాహంగా వస్తున్నాడు. నాకే ఆకలి తగ్గింది. గడువు ఇంకా వారమే ఉంది. పలక ఏమో ఎదురు గదిలో ప్రత్యేక తెలుగు బెంచీ మీద కూర్చుని గణాలు లెక్కపెడుతోంది.

ఒకరోజు ఆ నోటు పుస్తకాన్ని మొదటినుంచి తిరగేశాను. అప్పటిదాకా జవాబులు చూసేవాణ్ణి తప్ప మధ్యలో వరసలు చూడలేదు. ఆ పడవ లెక్క దగ్గర ఆగిపోయాను. త² − 3త − 4 = 0 అని ఉంది. దాని కింద: త = 4, లేదా త = −1. దాని పక్కన చిన్న అక్షరాలతో, 'రెండోది పట్టుకునేంత లేదు, నీళ్ళల్లోకి వొదిలేసినాను' అని. తట్ట! పేజీ పేజీకీ తట్టలే. నేను కష్టపడి వెతికి ఇచ్చిన ప్రతి లెక్కా సాయంత్రానికి పాళెం చేరి, పలక మీదికి ఎక్కి, తెల్లారేసరికి తెరచాప పుస్తకంలో దిగుతోంది.

ఇద్దర్నీ పిలిచాను. అరవాలని ఊపిరి కూడా పీల్చుకున్నాను. కానీ ఆ పిల్ల తల వంచుకుని, "సార్, మీరిచ్చే లెక్కలు శానా బాగుండాయి. మా తెలుగు తరగతిలో ఇట్టాంటివి రావు గదా, అందుకని వీడి దగ్గర అడిగి తీసుకుంటా ఉండా" అంది. నెలరోజులుగా నేను చేస్తున్నదేమిటో అప్పుడు తెలిసింది. పరువు పోగొట్టుకోకూడదని పట్టుబట్టిన ఒక పిల్లవాణ్ణి బెదిరించడం. అదీ నా నోటి దురదవల్ల వచ్చిన తిప్పలకు. నిజంగా సిగ్గేసింది. తెరచాపతో, "ఒరే, వంతు నీదే. ఇకమీద ఆ మాట ఎత్తను. రేపటినుంచి అందరికీ ఇచ్చే లెక్కలే నీకూ ఇస్తాను, కూర్చోబెట్టి నేర్పిస్తాను, సరేనా?" అన్నాను. పలకతో, "నీకు కావలసినన్ని లెక్కలు నేను విడిగా ఇస్తానమ్మా, పరీక్షకు పనికిరాకపోయినా చెయ్యి" అన్నాను. ఆ చివరి మాట అనేటప్పుడు ఆ పిల్ల వంక చూడలేకపోయాను.

అంతే. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు సాయంత్రం పెద్దాయన కబురు పెట్టాడు, పాళెం అంతా చేరుతోంది, అయ్యోర్లిద్దరూ రావాలని. పోయేసరికి అందరూ ఇసకలో కూర్చుని ఉన్నారు. తెరచాప మధ్యలో నిలబడి ఉన్నాడు. గాలికి చొక్కా ఉబ్బి వాణ్ణి పక్కకు నెడుతుంటే, మళ్ళీ వచ్చి అదే చోట నిలబడుతున్నాడు. "నాకు పడిన లెక్కల వంతు పలకకు ఇస్తా ఉండాను. ఎవురూ బలవంతం చెయ్యలేదు" అని పద్యం అప్పజెప్పినట్టు స్పష్టంగా చెప్పాడు.

"మరి మొదటిరోజు అడిగితే ఇయ్యనన్నావు కదరా?" అన్నాను ఉండబట్టలేక.

"అప్పుడు మీరు కష్టమని చెప్పి ఇయ్యమన్నారు సార్. ఇస్తే భయపడి ఇచ్చినట్టు అవతాది. ఆ తర్వాత రోజూ భయపెడతానే ఉండారు. ఎట్టా ఇచ్చేది? మీరు ఎప్పుడు ఆపతారా అని చూస్తా ఉండా. ఇప్పుడిస్తే నేను ఇచ్చినట్టు" అన్నాడు వాడు.

పండితుడు పైపంచె నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. నేను ఆ ఇసకలోనే కూలబడ్డాను. అంటే నేను ఆ మొదటిరోజు నోరు మూసుకుని ఉంటే, వారం తిరక్కముందే వాడే ఇచ్చేసేవాడు. నా ఆదివారాలు, నా ఆకలి, నా డిగ్రీ పుస్తకాల చివరి పేజీలు, అన్నీ ఆ పని జరక్కుండా ఆపడానికే ఖర్చయ్యాయి.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఇంకోటి ఉంది. వంతు ఇచ్చినోడికి పట్టిన దాంట్లో సగం పాలు ఇయ్యాల. అది కూడా ఆచారమే" అన్నాడు మనవరాలితో. లెక్కల్లో సగం పాలు ఎలా ఇస్తారని నేను అడగబోయి, పండితుడు మోచేత్తో పొడిస్తే మానుకున్నాను. పలక మాత్రం ఆలోచించకుండా, "ఇస్తాను తాతా. నాకు వొచ్చిందాంట్లో సగం వీడికి నేర్పిస్తా" అంది. అంతటితో సభ ముగిసింది. మర్నాడు హెడ్మాస్టరుగారికి సంగతంతా చెబితే ఆయన ఏమన్నారో మీకు తెలుసు. రాతపూర్వకంగా ఇచ్చాను.

రెండేళ్ళ తర్వాత ఎస్.ఎస్.ఎల్.సి. మార్కులు వచ్చిన రోజు, ఆ కాగితాలు పట్టుకుని నేనే పాళేనికి పోయాను. సైకిలు మోసుకుంటూనే. పలకకు పెద్ద లెక్కల్లో నూటికి తొంభై ఆరు. తెరచాపకు తెలుగులో బడి మొత్తానికి మొదటి స్థానం, చిన్న లెక్కల్లో నలభై ఎనిమిది. ఏడెనిమిదులు రానివాడికి నలభై ఎనిమిది! పెద్దాయన రెండు అంకెలూ నా చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. వేళ్ళ మీద ఏదో చూసుకున్నాడు. ముసలి ముఖమంతా వెలిగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేలా, "సగం పాలు సరిగ్గా ముట్టింది. నా మనవరాలు ఒక్క చేప కూడా దాచుకోలేదు" అన్నాడు.

అవి రెండూ వేర్వేరు ప్రశ్నపత్రాలని, వేర్వేరు సిలబసులని, ఒకదానిలో సగం ఇంకొకటి కావడం కేవలం యాదృచ్ఛికమని చెప్పడానికి నేను నోరు తెరిచాను. పలక నా వంక చూసింది. తెరచాప కూడా చూశాడు. అప్పుడు, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, చెప్పవలసిన లెక్క చెప్పకుండా నోరు మూసుకున్నాను.

పలక తర్వాత కాలేజీలో లెక్కలే చదివి, లెక్కలే చెప్పింది. తెరచాప తెలుగు పండితుడై, మా పండితుడు రిటైరైన కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ నోటు పుస్తకం నేను తిరిగి ఇవ్వలేదు. ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో, ఆ అక్కరలేని మూడో కంపాసు పక్కన ఉంది. ఎప్పుడైనా తీసి 'నీళ్ళల్లోకి వొదిలేసినాను' దగ్గర ఆగినప్పుడు, ఎండలో సైకిలు భుజాన వేసుకుని చెమటలు కక్కుతూ ఇసకలో పోతున్న ఆ ఇరవై మూడేళ్ళ కుర్రవాడు కనిపిస్తాడు. వాణ్ణి ఆపి, "అబ్బయ్యా, రెండు రోజులు ఊరుకో, వాడే ఇస్తాడు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా ఆగడు లెండి. వాడి సంగతి నాకు తెలియదా?